కూటమి పేరుతో ఒప్పందం, దేశానికో లెక్క: కెన్యా గులాబీల నుంచి మన పామాయిల్ దాకా

2014 అక్టోబర్ 1న కెన్యా గులాబీల మీద యూరప్‌లో సుంకం పడింది. అంతకు ముందు రోజు వరకు అది సున్నా. పూలు అవే, నైవాషా సరస్సు ఒడ్డున ఉన్న తోటలు అవే, నెదర్లాండ్స్ వేలంలో కొనేవాళ్లూ వాళ్లే. పక్కనున్న ఇథియోపియా గులాబీలకు మాత్రం సుంకం సున్నాగానే కొనసాగింది. టాంజానియా, ఉగాండా సరుకుకూ అంతే.

కారణం, ఒక ఒప్పందం గడువులోగా పూర్తి కాకపోవడం. ఆ ఒప్పందం కెన్యా ఒక్కదానిది కూడా కాదు. ఒక పక్క యూరోపియన్ యూనియన్, మరో పక్క కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా, బురుండీలతో కూడిన అప్పటి తూర్పు ఆఫ్రికా కూటమి. చర్చలు జరిపింది అయిదు దేశాలు, ఆలస్యానికి దెబ్బ తిన్నది ఒక్కటే.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అనగానే మన దగ్గర వాదన రెండు మాటల్లో తేలిపోతుంది. ఎగుమతులు పెరుగుతాయని ఒకరు, రైతు మునిగిపోతాడని ఇంకొకరు. కూటమికీ కూటమికీ మధ్య కుదిరే ఒప్పందాలకు ఈ రెండు మాటలూ చాలవు. ఒకే కాగితం మీద సంతకం పెట్టే దేశాల్లో ఒక్కోదానికి దాని విలువ ఒక్కోలా ఉంటుంది. అది తెలియాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ఈ ఒప్పందమే లేకపోతే ఆ దేశం చేతిలో ఏముండేది అని.

సుంకం, కూటమి, ఉమ్మడి సుంకం: ముందు ఈ మాటలు

దిగుమతి సరుకు మీద సరిహద్దులో వేసే పన్ను సుంకం. ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీఓ మూల సూత్రం ప్రకారం ఒక సభ్య దేశానికి ఇచ్చిన సుంకం రేటునే మిగతా సభ్యులందరికీ ఇవ్వాలి. దీనికి ప్రధానంగా రెండు మినహాయింపులున్నాయి. మొదటిది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. రెండు పక్షాలూ తమ మధ్య జరిగే వాణిజ్యంలో దాదాపు అంతటికీ సుంకం ఎత్తేసుకుంటే, ఆ రాయితీని బయటివాళ్లకు ఇవ్వక్కర్లేదు. రెండోది వెనకబడిన దేశాలకు ఏకపక్షంగా ఇచ్చే రాయితీ. అందులో తిరిగి ఏమీ అడగరు. కానీ తనకు నచ్చిన దేశాలను ఏరుకుని ఇవ్వడానికి లేదు. అందరికీ వర్తించే కొలమానం ఒకటి ఉండాలి. ఐక్యరాజ్యసమితి తయారుచేసే అత్యల్ప అభివృద్ధి దేశాల జాబితా అలాంటి కొలమానమే.

కూటముల్లోనూ రకాలున్నాయి. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో సభ్య దేశాలు తమలో తాము సుంకాలు తీసేసుకుంటాయి గానీ, బయటి సరుకు మీద ఎవరి రేటు వారిదే. ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ ఇలాంటిది. కస్టమ్స్ యూనియన్‌లో బయటి సరుకు మీద కూడా అందరిదీ ఒకే రేటు. యూరోపియన్ యూనియన్, తూర్పు ఆఫ్రికా కూటమి, పశ్చిమ ఆఫ్రికా దేశాల ఎకోవాస్, దక్షిణ అమెరికాలోని మెర్కోసూర్ ఈ రెండో కోవలోవి. కనీసం కాగితం మీద. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆఫ్రికాలో జరిగిన గొడవలో సగం దీని చుట్టూనే తిరిగింది.

అరటిపండు తెచ్చిన తంటా

1975లో టోగో రాజధాని లోమేలో యూరప్ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ ప్రాంతాల్లోని 46 దేశాలు, ఎక్కువగా పాత వలసలు, తమ సరుకులో చాలా భాగాన్ని సుంకం లేకుండా యూరప్‌కు పంపుకోవచ్చు. బదులుగా యూరప్ సరుకుకు తలుపులు తెరవక్కర్లేదు. పాతికేళ్లు ఇలాగే నడిచింది.

ఇబ్బంది అరటిపండుతో వచ్చింది. కరీబియన్ దీవుల అరటికి రాయితీ ఇచ్చి తమ అరటికి కోటా పెట్టడం అన్యాయమని లాటిన్ అమెరికా దేశాలు, వాటికి తోడు అక్కడ తోటల వ్యాపారం చేసే కంపెనీల తరఫున అమెరికా డబ్ల్యూటీఓకు ఎక్కాయి. 1997లో యూరప్ ఓడిపోయింది. పాత వలసలు అనేది ఆ నిబంధనల ప్రకారం చెల్లే కొలమానం కాదు. 2000లో బెనిన్‌లోని కొటొనూలో కొత్త ఒప్పందం రాసుకుని, పాత రాయితీలను 2007 చివరి దాకా నడిపించడానికి డబ్ల్యూటీఓ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. ఆ తర్వాత రెండే దారులు. అత్యల్ప అభివృద్ధి దేశమైతే, 2001లో యూరప్ తెచ్చిన పథకం కింద ఆయుధాలు తప్ప ఏదైనా సుంకం లేకుండా పంపుకోవచ్చు. ఆ జాబితాలో లేకపోతే, యూరప్ సరుకుకూ తలుపు తెరిచే పరస్పర ఒప్పందం చేసుకోవాలి. వీటికి ‘ఆర్థిక భాగస్వామ్య ఒప్పందాలు’ అని పేరు పెట్టారు. దేశానికొకటి కాకుండా ప్రాంతానికొకటి చేద్దామన్నది యూరప్ ఆలోచన. దానివల్ల ఆఫ్రికాలో ప్రాంతీయ ఐక్యత బలపడుతుందని కూడా చెప్పారు.

సంతకం పెట్టకపోతే పోయేదేమిటి? ఇరుగుపొరుగుకు రెండు జవాబులు

తూర్పు ఆఫ్రికా అయిదు దేశాల్లో నాలుగు అత్యల్ప అభివృద్ధి జాబితాలో ఉన్నాయి. కెన్యా లేదు. టాంజానియా సంతకం పెట్టినా పెట్టకపోయినా దాని సరుకుకు యూరప్‌లో సుంకం సున్నా. కెన్యా పెట్టకపోతే మామూలు వర్ధమాన దేశాలకిచ్చే రాయితీ రేటుకు దిగిపోతుంది.

గులాబీల లెక్క చూద్దాం. యూరప్‌లో కోసిన గులాబీల మీద సాధారణ సుంకం జూన్ నుంచి అక్టోబర్ దాకా 12 శాతం, మిగతా కాలంలో 8.5 శాతం. వర్ధమాన దేశాల రాయితీలో 3.5 శాతం పాయింట్లు తగ్గుతాయి. అంటే 8.5, 5. ఒక పెట్టె పూల విలువ విమాన చార్జీతో కలిపి 100 యూరోలు అనుకుందాం. చార్జీతో కలిపి అని ఎందుకన్నానంటే, యూరప్ సుంకం వేసేది రవాణా ఖర్చు కలిపిన విలువ మీదే. దూరం నుంచి విమానంలో వచ్చే పూలకు ఇది అదనపు భారం. అక్టోబర్‌లో కెన్యా పెట్టె 108.50 యూరోలకు చేరితే, పక్కనే అదే పూలు పండించే ఇథియోపియా పెట్టె 100కే చేరుతుంది. రెండు మూడు శాతం తేడాకే కొనేవాడు చేయి మార్చే వ్యాపారమిది. కెన్యా పూల రంగంలో నేరుగా పనిచేసేవాళ్లే లక్షకు పైగా ఉంటారని అంచనా. ప్యాకింగ్ షెడ్లలో ఎక్కువమంది మహిళలు.

అందుకే గడువు దాటిన అక్టోబర్ నెలలోనే చర్చలు ముగించేశారు. డిసెంబర్ చివరికి కెన్యా పూలకు సున్నా సుంకం తిరిగి వచ్చింది. 2016 సెప్టెంబర్‌లో కెన్యా, రువాండా సంతకాలు పెట్టాయి. ఆ నవంబర్‌లో టాంజానియా పార్లమెంటు వద్దని తీర్మానించింది. అందరూ కలిసి సంతకం పెడితేనే ఒప్పందం అమల్లోకి వస్తుంది కాబట్టి అది ఏళ్ల తరబడి ఆగిపోయింది. చివరికి 2021లో కూటమి అధినేతలు, ఇష్టమున్నవాళ్లు ముందుకు పోవచ్చని తలూపారు. 2023 డిసెంబర్‌లో కెన్యా ఒంటరిగా నైరోబీలో సంతకం పెట్టింది. 2024 జూలై 1 నుంచి ఆ ఒప్పందం అమల్లో ఉంది.

కెన్యా తొందరపడిందని, టాంజానియా మొండికేసిందని రెండు వైపులా నిందలు విన్నాం. నాకైతే రెండూ తమ తమ స్థానాల్లో సరిగ్గానే లెక్క వేసుకున్నాయనిపిస్తుంది. కెన్యాకు అది ఉన్నదాన్ని కాపాడుకునే ఒప్పందం. టాంజానియాకు కొత్తగా వచ్చేది దాదాపు ఏమీ లేదు, ఇచ్చేది మాత్రం ఉంది.

ఒక్కరు తెరిస్తే ఉమ్మడి సుంకం ఏమవుతుంది?

ప్రాంతీయ ఐక్యతను పెంచుతామన్న ఒప్పందం దాన్నే దెబ్బతీసే చోటు ఒకటుంది.

యూరప్ నుంచి వచ్చే రంగు డబ్బా ధర 100 అనుకుందాం. తూర్పు ఆఫ్రికా ఉమ్మడి సుంకం 25 శాతం అనుకుందాం. అయిదు దేశాల్లో ఎక్కడ దిగినా 125. కెన్యా ఒక్కటే యూరప్‌కు సుంకం ఎత్తేస్తే మొంబాసా రేవులో అది 100కే దిగుతుంది. కూటమి లోపల సరుకు స్వేచ్ఛగా తిరగాలి కాబట్టి అదే డబ్బాను లారీలో వేసుకుని నమంగా సరిహద్దు దాటిస్తే, టాంజానియా ఖజానాకు రావాల్సిన 25 గాల్లో కలిసిపోతుంది. దాన్ని ఆపాలంటే నమంగాలో ప్రతి లారీనీ ఆపి, ఈ డబ్బా కెన్యాలో తయారైందా, యూరప్‌లో తయారైందా అని చూడాలి. అలా చూడక్కర్లేకుండా ఉండటమే కస్టమ్స్ యూనియన్ ఉద్దేశం.

పశ్చిమ ఆఫ్రికాలో ఇదే ఇంకా పెద్దగా జరిగింది. ఎకోవాస్ దేశాలు, మారిటానియా కలిసి పదహారు దేశాలు 2014లో యూరప్‌తో చర్చలు ముగించాయి. తమ మార్కెట్‌లో 75 శాతాన్ని 20 ఏళ్లలో తెరుస్తామన్నాయి. 2015 నుంచి సొంత ఉమ్మడి సుంకాన్ని కూడా మొదలుపెట్టాయి. కానీ ఆ ప్రాంతపు అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ నైజీరియా సంతకం పెట్టలేదు. యూరప్ మార్కెట్ పోతుందన్న టెన్షన్‌లో ఉన్న కోట్ డివార్, ఘనా 2016లో విడివిడిగా తాత్కాలిక ఒప్పందాలు అమలు చేసుకున్నాయి. ఫలితంగా ఒకే కూటమిలో యూరప్ సరుకుకు మూడు నాలుగు రకాల తలుపులు తయారయ్యాయి.

చవకైందంటే లాభమేనా? పంపుసెట్టు లెక్క

ఒప్పందం వల్ల ఒక వస్తువు చవకైతే దేశానికి లాభమేగా అనిపిస్తుంది. అన్నిసార్లూ కాదని 1950లోనే ఆర్థికవేత్త జాకబ్ వైనర్ చూపించారు. కింది అంకెలు ఊహించుకున్నవి, లెక్క పద్ధతి మాత్రం ఆయనదే.

ఒక పంపుసెట్టు కెన్యాలో తయారుచేస్తే 120 అవుతుంది. యూరప్ నుంచి 105కు వస్తుంది. భారత్ నుంచి 100కు. సుంకం 10 శాతం ఉందనుకోండి. భారత్ పంపు 110, యూరప్ పంపు 115.50. రైతు భారత్‌దే కొంటాడు. 110లో 10 కెన్యా ఖజానాకు పోతుంది. ఇప్పుడు యూరప్‌కు మాత్రమే సుంకం తీసేశారు. యూరప్ పంపు 105, భారత్‌ది 110. రైతు యూరప్‌కు మారతాడు. అతనికి 5 మిగిలింది. ఖజానాకు 10 పోయింది. దేశం మొత్తంగా 5 నష్టపోయింది, పైగా చవగ్గా తయారుచేసేవాడిని వదిలి ఖరీదుగా తయారుచేసేవాడి దగ్గరికి వెళ్లింది. దీన్ని వాణిజ్యం దారి మళ్లడం అంటారు.

సుంకం 25 శాతం ఉంటే కథ వేరు. భారత్ పంపు 125, యూరప్‌ది 131.25. రైతు 120కి స్థానిక పంపే కొంటాడు. యూరప్‌కు సుంకం తీసేశాక 105కు వస్తుంది. రైతుకు 15 ఆదా. ముందు కూడా దిగుమతి లేదు కాబట్టి ఖజానాకు పోయిందేమీ లేదు. పుస్తకాల్లో దీన్ని వాణిజ్య సృష్టి అంటారు, మేలు అని రాస్తారు. నైరోబీ పంపుల వర్క్‌షాపు మూతపడిన సంగతి ఆ లెక్కలో కనిపించదు. అక్కడి కార్మికులకు త్వరగా మరో పని దొరికితే లెక్క నిజమే. దొరకకపోతే రైతు ఆదాను వాళ్ల నష్టంతో తూచాలి. అభివృద్ధి గురించిన అసలు తగాదా ఇక్కడే ఉంది.

ఇంకో మాట. పేద దేశాల ఖజానాకు సుంకం చాలా ముఖ్యమైన ఆదాయం. వందల రేవుల్లో కాకుండా ఒకటి రెండు రేవుల్లో వసూలైపోతుంది. ఆ డబ్బు పోతే దాని బదులు అమ్మకం పన్నో, ఆదాయ పన్నో వసూలు చేయాలి. చిన్న దుకాణాలు, సంతలు ఎక్కువున్న చోట అది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు.

82.6 శాతం అనే అంకె లోపల

యూరప్ నుంచి వచ్చే దిగుమతుల్లో 82.6 శాతానికి తూర్పు ఆఫ్రికా తలుపు తెరుస్తుందన్న అంకె వార్తల్లో బాగా తిరిగింది. విడదీసి చూస్తే అంత భయంకరంగా ఉండదు. అందులో 65.4 శాతం సరుకు మీద అప్పటికే ఉమ్మడి సుంకం సున్నా. యంత్రాలు, ముడిసరుకుల వంటివి ఇందులోకి వస్తాయి. కొత్తగా తెరిచేది 17.2 శాతమే. 14.6 శాతం 15 ఏళ్లలో, మిగిలిన 2.6 శాతం 25 ఏళ్లలో. 17.4 శాతం ఎప్పటికీ తెరవక్కర్లేని జాబితాలో ఉంది.

ఒప్పందాన్ని సమర్థించేవాళ్లు ఈ విడమరుపునే చూపిస్తారు. అది న్యాయమైన వాదనే. ఎదుటివాళ్ల జవాబు కూడా తేలిగ్గా తీసేసేది కాదు. ఈరోజు సున్నా ఉన్న సరుకు మీద రేపు సుంకం వేసుకునే స్వేచ్ఛ పోతుందని వాళ్లంటారు. ఈరోజు కెన్యాలో ఒక యంత్రం తయారు కావడం లేదు కాబట్టి సుంకం సున్నా. పదేళ్లకు అక్కడ ఎవరైనా తయారుచేయడం మొదలుపెడితే? కొత్త పరిశ్రమకు కొన్నాళ్లు రక్షణ ఇచ్చే నిబంధన ఒప్పందంలో ఉంది. అది తాత్కాలికం, షరతులతో కూడినది.

టాంజానియా, నైజీరియా అభ్యంతరాలు

టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ మ్కాపా ఈ ఒప్పందం తమ పారిశ్రామికీకరణకు అడ్డు పడుతుందని గట్టిగా వాదించారు. నైజీరియా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ముహమ్మదు బుహారీ కూడా తమ పరిశ్రమలు యూరప్ పోటీకి నిలవలేవన్నారు. సుంకం ఒక్కటే కాదు, వాళ్లను కలవరపెట్టినవి ఇంకో రెండున్నాయి.

ఒకటి, ఎగుమతి పన్ను. పచ్చి తోళ్లు, ఖనిజాలు బయటికి పోకుండా పన్ను వేస్తే అవి దేశంలోనే చవగ్గా దొరుకుతాయి, తోళ్ల పరిశ్రమ లాంటిది నిలబడుతుంది. కొత్తగా ఇలాంటి పన్నులు వేయడానికి ఒప్పందం పరిమితులు పెడుతుంది. రెండోది నాకు మరీ ఆసక్తికరం, ఎందుకంటే అందులో మనమూ ఉన్నాం. ప్రపంచ ఎగుమతుల్లో 1 శాతం మించిన వాటా ఉన్న దేశానికి కెన్యా ఇంతకంటే ఎక్కువ రాయితీ ఇస్తే, అదే యూరప్‌కూ ఇవ్వాలన్నది ఒప్పందంలోని షరతు. భారత్ వాటా ఆ గీత దాటింది. అంటే రేపు భారత్‌తోనో చైనాతోనో కెన్యా బేరానికి కూర్చుంటే, యూరప్ కూడా కనిపించకుండా ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టే.

కోడి తొడల తగాదా, తప్పు ఎవరి మీద వేయాలన్న ప్రశ్న

యూరప్‌లో కోడి ఛాతీ మాంసానికి గిరాకీ ఎక్కువ. తొడలు, కాళ్లు మిగిలిపోతాయి. కోడి పెంచిన ఖర్చంతా ఛాతీ మాంసం ధరలోనే వచ్చేస్తుంది కాబట్టి మిగిలింది ఎంతకు అమ్మినా లాభమే. ఆ ముక్కలు ఆఫ్రికాకు చేరతాయి. యూరప్‌తో ఉన్న ఒప్పందం వల్ల దక్షిణాఫ్రికాలో యూరప్ కోడికి సుంకం సున్నా. అక్కడి కోళ్ల ఫారాలు గగ్గోలు పెట్టాక, ఒప్పందంలోనే ఉన్న రక్షణ నిబంధన వాడి 2018లో 35 శాతానికి పైగా సుంకం వేశారు. 2022లో మధ్యవర్తుల ప్యానెల్ అది ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. అప్పటికే ఆ సుంకం గడువు ముగిసిపోయింది. ఈలోగా యూరప్‌లో బర్డ్ ఫ్లూ వచ్చి చాలా దేశాల నుంచి దిగుమతి ఆగింది, ఆ చోటును బ్రెజిల్ కోడి ఆక్రమించింది. ఫారాల కష్టంలో ఒప్పందం వాటా ఎంత, తక్కినవాటి వాటా ఎంత అన్నది అక్కడ ఇంకా తేలని వాదనే.

ఘనా కోడి కథ దీనికి తిరగేసి ఉంటుంది. 2003లో ఘనా పార్లమెంటు దిగుమతి కోడి మీద సుంకాన్ని 20 నుంచి 40 శాతానికి పెంచింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడితో ప్రభుత్వం వెంటనే దాన్ని పక్కన పెట్టేసింది. డబ్ల్యూటీఓ పరిమితి 40 శాతానికి చాలా పైనే ఉంది. యూరప్‌తో ఒప్పందం అప్పటికి పుట్టనే లేదు. పుట్టాక కూడా కోడి మాంసం తెరవని జాబితాలోనే ఉంది. అక్రా మార్కెట్‌లో యూరప్ కోడిని చూసి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని తిట్టేవాళ్లు తప్పు చిరునామాకు ఉత్తరం రాస్తున్నట్టే.

కోకో గింజకు సున్నా, కోకో వెన్నకు 7.7

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా కోట్ డివార్, ఘనాలదే. ఎవరు పంపినా యూరప్‌లో కోకో గింజ మీద సుంకం లేదు. నూరి ముద్ద చేసి పంపితే సాధారణ సుంకం 9.6 శాతం. వెన్న తీసి పంపితే 7.7 శాతం. ముడిసరుకు పంపినవాడికి సలాం, దానికి కాస్త పని జోడించినవాడికి పన్ను. పేద దేశాలు ముడిసరుకు దగ్గరే ఆగిపోవడానికి ఈ మెట్ల సుంకం ఒక కారణమని చాలాకాలంగా విమర్శ ఉంది. కోట్ డివార్, ఘనా సంతకం పెట్టడం వల్ల ఈ సుంకాలు వాటికి సున్నాగా నిలిచాయి. సంతకం లేకపోతే డబ్బాల్లో పెట్టిన ట్యూనా చేపలకు కూడా దెబ్బ తగిలేది. దాని మీద సాధారణ సుంకం 24 శాతం.

కోట్ డివార్ ఈరోజు కోకో నూరడంలో నెదర్లాండ్స్‌తో పోటీ పడుతోంది. అయితే ఆ మిల్లుల్లో ఎక్కువ భాగం బహుళజాతి కంపెనీలవి. చాక్లెట్ తయారీ ఇంకా యూరప్‌లోనే ఉంది. దానికి పాలు, పంచదార, కరెంటు, చల్లటి గోదాములు, దగ్గర్లో కొనేవాళ్లు కావాలి. వీటిలో ఏదీ సుంకం పట్టికలో ఉండదు.

సున్నా మారకపోయినా దాని విలువ తగ్గిపోతుంది

కరీబియన్ దేశాలు 2008లోనే యూరప్‌తో పూర్తి ఒప్పందం చేసుకున్నాయి. వాటి అరటికి సుంకం సున్నా. కానీ 2009లో యూరప్ లాటిన్ అమెరికాతో పాత అరటి గొడవను రాజీ చేసుకుంది. అక్కడి అరటి మీద టన్నుకు 176 యూరోలున్న సుంకం 114కు దిగడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత కొలంబియా, పెరూ, మధ్య అమెరికా దేశాలతో విడి ఒప్పందాలు వచ్చి అది 75కు చేరింది. కరీబియన్ సుంకం సున్నా దగ్గరే ఉంది. పోటీదారు మీదున్న 176 యూరోల ఆధిక్యం మాత్రం 75కు కరిగిపోయింది. కరీబియన్‌లోని విండ్‌వర్డ్ దీవుల కొండ వాలుల్లో చిన్న కమతాల మీద పండే అరటి, విశాలమైన తోటల అరటితో ధరలో ఎన్నడూ సమానం కాదు. ఆ ఆధిక్యమే వాళ్ల ఊపిరి. డొమినికా, సెయింట్ విన్సెంట్‌లలో అరటి ఎగుమతి చాలావరకు కూలిపోయింది. రాయితీ విలువ పక్కవాడు కట్టే సుంకంతోనే తేలుతుంది.

బేరమాడగలిగిన కూటమి: మెర్కోసూర్

ఆఫ్రికాలో చిన్న దేశాలు విడిపోయాయి. మెర్కోసూర్ కథ ఇంకోలా నడిచింది. బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే దాదాపు పాతికేళ్లు యూరప్‌తో మాట్లాడాయి. 2019లో ఒకసారి ఖాయమైందన్నారు, మళ్లీ తెరిచారు, 2024 డిసెంబర్‌లో మాంటెవీడియోలో ముగించారు. 2026 జనవరిలో అసున్సియోన్‌లో సంతకాలయ్యాయి. ఇక్కడ వీధుల్లోకి ట్రాక్టర్లు తెచ్చింది యూరప్ రైతులు. ఏటా 99,000 టన్నుల పశుమాంసం 7.5 శాతం సుంకంతో రావచ్చన్నది వారి కోపం. అది యూరప్ ఉత్పత్తిలో 2 శాతం లోపే.

2019కీ 2024కీ మధ్య బ్రెజిల్ ఏం సాధించిందో చూస్తే కూటమి బలం తెలుస్తుంది. విద్యుత్ కార్లకు తలుపు తెరవడానికి 18 ఏళ్లు అడిగి తెచ్చుకుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో తమ ఆరోగ్య వ్యవస్థ కొనేవాటిని బయట పెట్టించింది. కీలక ఖనిజాల మీద ఎగుమతి పన్ను వేసుకునే వెసులుబాటు ఉంచుకుంది. టాంజానియా అడిగినవి దాదాపు ఇవే. అయినా విమర్శకుల ప్రశ్న మిగిలే ఉంది. సోయా, మాంసం ఇచ్చి కార్లు, యంత్రాలు తెచ్చుకునే మార్పిడి ఇంకా గట్టిపడితే సావో పాలో ఫ్యాక్టరీల సంగతేమిటి? యూరప్ యంత్రాలు చవకైతే ఆ ఫ్యాక్టరీలే బాగుపడతాయన్నది అవతలి వాదం.

మన పామాయిల్, మన రొయ్యలు

భారత్, ఆసియాన్ కూటమి మధ్య ఒప్పందం 2009 ఆగస్టులో కుదిరి 2010 జనవరి నుంచి అమలైంది. ఆ కూటమితో మన వాణిజ్య లోటు 2010-11లో సుమారు 500 కోట్ల డాలర్లు, 2022-23లో 4,300 కోట్లు దాటింది. ఏలూరు జిల్లాలోనో అశ్వారావుపేటలోనో ఆయిల్‌పామ్ గెలల ధర పడినప్పుడల్లా ఈ ఒప్పందం పేరు వినిపిస్తుంది. ముడి పామాయిల్ ధర, నూనె దిగుబడి శాతం బట్టే గెలల టన్ను ధర కడతారు కాబట్టి, ఇండోనేషియా, మలేషియా నూనె మీద సుంకం తగ్గిందంటే రైతుకు నేరుగా తగులుతుంది.

ఇక్కడా అదే ప్రశ్న వేసుకుంటే జవాబు కొంచెం వేరుగా వస్తుంది. డబ్ల్యూటీఓ దగ్గర పామాయిల్ మీద భారత్ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 300 శాతం. ఆసియాన్ ఒప్పందం ముడి నూనెకు దాన్ని 2019 చివరికి 37.5 శాతానికి దించింది. ఇది నిజంగా వదులుకున్న స్వేచ్ఛ. కానీ 2024 సెప్టెంబర్‌లో ఢిల్లీ వేసిన సుంకం సెస్సులతో కలిపి 27.5 శాతం. 2025 మే చివర్లో దాన్ని 16.5కు తగ్గించారు. రెండూ 37.5 కంటే కిందే. తగ్గించమని ఒప్పందం అడగలేదు, నూనె ప్యాకెట్ ధర చూసి ప్రభుత్వమే తగ్గించింది. ఏటా 80, 90 లక్షల టన్నుల పామాయిల్ బయటి నుంచి కొనే దేశంలో, వంటింటి ధరకూ గెలల ధరకూ మధ్య ఢిల్లీ ప్రతిసారీ వేసుకునే తూకం ఇది.

వైనర్ చెప్పిన దారి మళ్లడం కూడా ఇక్కడే కళ్లకు కట్టింది. 2019 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ మీద ఇండోనేషియాకు 50 శాతం, విడిగా మరో ఒప్పందం ఉన్న మలేషియాకు 45 శాతం సుంకం అమలైంది. అయిదు శాతం తేడాకే కొనుగోళ్లు మలేషియా వైపు పరుగెత్తాయి. మన శుద్ధి కర్మాగారాలు గోల పెట్టడంతో సెప్టెంబర్‌లో మలేషియా నూనె మీద 5 శాతం రక్షణ సుంకం వేసి సమానం చేశారు.

రొయ్యలది మరో దారి. యూరప్‌తో ఒప్పందం ఉన్న ఈక్వడార్ 2017 నుంచి సుంకం లేకుండా రొయ్యలు పంపుతోంది. భీమవరం నుంచి వెళ్లే వనామీ రకం రొయ్యలకు చాలా ఏళ్లు 4.2 శాతం. మనం యూరప్‌తో చర్చలు ముగించినట్టు 2026 జనవరిలో ప్రకటించారు కాబట్టి ఈ తేడా పోతుందన్న ఆశ ఆక్వా రంగంలో ఉంది. అయితే 2016లో యూరప్, యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన సాగు రొయ్యల లోడుల్లో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. రేవులో ఆగిన కంటైనర్‌కు రోజుకింత అద్దె, లోడు వెనక్కి వస్తే రెండు వైపులా రవాణా ఖర్చు ఎగుమతిదారు మీద పడతాయి. ఆ శాతం సుంకాల బేరంలో తేలేది కాదు. చెరువులో ఏ మందు వాడారో చూపించే ల్యాబ్ ఫలితాలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.